పలకలమెట్ట మీద ఆఖరి దెబ్బ

దెయ్యాలను నమ్మడానికి కొంత ఓపిక కావాలి. నాకు ఆ ఓపిక ఎప్పుడూ లేదు. హాస్టల్లో ఉండగా మా బ్లాకులో ఒక గదికి దెయ్యం గది అని పేరుండేది. ఎవరూ చేరడం లేదని తెలిసి నేనే అడిగి తీసుకున్నాను. చదువు అయ్యేదాకా అందులోనే ఉన్నాను. నల్లులు తప్ప నన్నెవరూ పీడించలేదు.

కాబట్టి ఇది దెయ్యం కథ అనుకుని మొదలుపెట్టినవాళ్లకు కొంత నిరాశ తప్పదు. ఇందులో తెల్లచీర లేదు, అర్ధరాత్రి లేదు. మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, ముగ్గురు మనుషులుండగా జరిగింది. ముగ్గురిలో ఇద్దరం డిగ్రీలున్నవాళ్లం. ఆ డిగ్రీలు అప్పటికి ఇంకెందుకూ పనికిరాలేదు. కనీసం సాక్ష్యానికైనా పనికొస్తాయేమోనని ఆ సంగతి ముందే చెబుతున్నాను.

డెబ్బైల చివరి మాట. హిస్టరీ ఎమ్మే అయిపోయి, ఉద్యోగం దొరక్క, పరిశోధనలో చేరాను. పరిశోధన అంటే ఆ రోజుల్లో ఉద్యోగం లేదని మర్యాదగా చెప్పుకునే పద్ధతి. మా గైడు గారు పెద్దమనిషి. విశాఖపట్నంలో పాత గొడౌన్ల మీద, దొరల బంగళాల మీద కనిపించే పలకరాతి కప్పుల చరిత్ర తవ్వమన్నారు. ఆ రాయి ఎక్కడిది, ఎవరు తీశారు, ఎలా తెచ్చారు, ఇవీ ప్రశ్నలు.

"ఇంతవరకు ఎవరూ ముట్టుకోని టాపిక్కయ్యా," అన్నారు ఆనందంగా.

ఎందుకు ముట్టుకోలేదో నాకు మొదటి నెలలోనే అర్థమైంది.

పొద్దున్నే బయల్దేరి పాతూరు వీధుల్లో కప్పుల కేసి చూస్తూ తిరిగేవాణ్ణి. తలెత్తుకుని నడిచేవాణ్ణి చూస్తే జనం పిచ్చివాడనైనా అనుకుంటారు, రాత్రికి కన్నం వెయ్యడానికి ఇల్లు చూసుకుంటున్నాడనైనా అనుకుంటారు. నన్ను వీధిని బట్టి రెండు రకాలుగానూ అనుకున్నారు. దానికి తోడు అప్పుడే అందరూ పలకలు పీకించి సిమెంటు రేకులు వేయించుకుంటున్నారు. ఈ వారం చూసి రాసుకున్న కప్పు వచ్చే వారానికి ఉండేది కాదు. నా థీసిస్ నా కళ్ల ముందే లారీలెక్కి పోతుండేది. ఆపే హక్కూ లేదు, ఓపికా లేదు.

ఆఫీసుల్లో పాత కాగితాలు వెతికాను. ఓడల్లో అడుగున బరువు కోసం వేసుకొచ్చిన సీమ పలకల గురించి అక్కడక్కడా ఒక ముక్క దొరికింది. ఇక్కడి రాయి గురించి ఏమీ లేదు. ఇక్కడ తవ్వినట్టే లేదు.

దారి చూపించింది జానీ సాయిబు. పాతూరులో కూలగొట్టిన ఇళ్ల తలుపులూ కిటికీలూ దూలాలూ కొని అమ్మే వ్యాపారం ఆయనది. ఆయన కొట్టు వెనక దింపిన పలకలు గుట్టగా పడుండేవి. రెండు రకాలవి తీసి నా చేతిలో పెట్టాడు.

"ఇది విలాయతీ మాల్ సార్. చూడండి, ఎంత నాజూగ్గా ఉందో. ఇదేమో దేశవాళీ, జొన్నరొట్టెలా మందం. ఎలమంచిలి అవతల పలకలమెట్ట అని ఉందట, అక్కణ్ణుంచి ఎడ్లబళ్ల మీద వచ్చేదని మా అబ్బాజాన్ చెప్పేవారు."

"ఇప్పుడుందా ఆ క్వారీ?"

"మా అబ్బాజానే లేరు సార్," అన్నాడు సాయిబు. మందం పలక ఒకటి పాత గుడ్డలో చుట్టి ఇచ్చాడు. "రీసెర్చికి ఫ్రీ. ఇల్లు కప్పుకుంటే మాత్రం రేటు వేరే."

ఆ పలక గదికి తెచ్చి కిటికీలో పెట్టాను. అసలు సంగతి అక్కడ మొదలైంది.

నేను అద్దెకుండే గది పైడమ్మది. రెండు గదుల పెంకుటిల్లు. ఒక దాంట్లో ఆమె, ఒక దాంట్లో నేను. అరవై దాటిన మనిషి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బరుకు పోయి, బోటు దగ్గరే బేరమాడి చేపలు కొని, గంపలో పెట్టుకుని వీధులమ్మట అమ్మేది. మధ్యాహ్నానికి గంప ఖాళీ చేసుకొచ్చి గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చునేది. నేనూ సరిగ్గా ఆ వేళకే కప్పులు చూసి చూసి మెడ నొప్పితో తిరిగొచ్చేవాణ్ణి. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోకుండా అలసిపోయి కూర్చునేవాళ్లం. అద్దెకున్నవాడికీ ఇల్లుగలావిడకీ అంతకు మించిన స్నేహం అవసరం లేదు. నేను ఆమెను మామ్మా అని పిలిచేవాణ్ణి.

నుదుట రూపాయంత బొట్టు, చేతినిండా గాజులు. మొగుడు మాత్రం ఎక్కడా కనపడడు. పక్కింటివాళ్లను అడిగితే, "పెళ్లయిన కొత్తల్లో రంగం పోయాడట, అక్కడే ఇంకోదాన్ని కట్టుకున్నాడట," అని చెప్పి నవ్వారు. రంగం అంటే రంగూన్. ఒకప్పుడు మా వైపు నుంచి కూలికి ఓడెక్కినవాళ్లు ఎందరో. యుద్ధంలో కొందరు నడిచి తిరిగొచ్చారు. కొందరు రాలేదు. ఇతగాడు రానివాళ్లలో ఒకడనుకుని నేను మళ్లీ అడగలేదు.

ఆ రోజు పైడమ్మ నా గది ఊడవడానికొచ్చి కిటికీలో పలక చూసింది. చీపురు కింద పెట్టింది. పలకను ఎడం చేత్తో పైకి పట్టుకుని కుడిచేతి వేలి కణుపుతో ఒక్కసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది మా మెట్టది," అంది. "నీకెక్కడిది బాబూ?"

చెప్పాను. ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పిందంతా.

పలకలమెట్ట మీద క్వారీ ఆమె వయసులో ఉన్నప్పుడు జోరుగా నడిచేదట. మెట్టను కింది నుంచి పైకి అరుగులు అరుగులుగా తొలిచేవాళ్లు. ఒక్కో అరుగు మీద ఒక్కో మనిషికి తన చోటు. రాతికి బెజ్జం వేసి మందు కూరి పేల్చే తూటాలు పొద్దు వాలే వేళకే పేల్చేవాళ్లు, వదులైన రాయిని మర్నాడు చీల్చుకోవచ్చని. పేల్చేముందు మేస్త్రి ఇనప పట్టా మీద గంట కొడితే ఎవడి చోటు దగ్గర వాడు రాతి చాటుకు పోయేవాడు. పేలాక దుమ్ములో మనిషికి మనిషి కనపడడు. చెవులు దిబ్బెళ్లు వేసి కేకలు వినపడవు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. కింది అరుగు నుంచి మొదలుపెట్టి వరసగా ప్రతివాడూ సుత్తితో రాతి మీద ఒక దెబ్బ కొట్టాలి. నేను బాగానే ఉన్నానని దాని అర్థం. మేస్త్రి కింద నిలబడి దెబ్బలు లెక్కపెట్టేవాడు. లెక్క సరిపోతే మళ్లీ గంట, అందరూ ఇళ్లకు.

"మెట్ట కింద గుడిసెల్లో మేమూ ఇనీవోలం," అంది పైడమ్మ. "ఎవులి మొగుడి దెబ్బ ఆలికి తెలుస్తాది బాబూ. దెబ్బ ఇన్నాక పొయ్యి ముట్టించుకునీవోలం."

ఆమె మొగుడిది అన్నిటికన్నా పై అరుగు. అందరికన్నా ఆఖరి దెబ్బ అతనిది. అతను బలంగా ఒక దెబ్బ కొట్టి సుత్తిని చేతిలో వదులుగా వదిలేసేవాడట. అది తనంతట తాను ఎగిరి ఇంకోసారి చిన్నగా తగిలేది. ఒక పెద్ద, ఒక చిన్న. లెక్క తప్పుతోందని మేస్త్రి తిట్టినా మానలేదు.

"పైడమ్మకి ఇద్దరు మొగుళ్లనీసి నన్ను ఎకసెక్కాలాడీవోరు," అంది. నలభై ఏళ్ల కిందటి ఆ ఎకసెక్కానికి ఇప్పటికీ ఆమెకు కొంచెం సిగ్గేసింది.

అతని పేరేమిటని అడిగాను. చెప్పలేదు. మొగుడి పేరు నోటితో అనకూడదు. "సింవాచలం కొండ మీదోడి పేరే," అంది. అంటే అప్పన్న.

అప్పన్నకు రంగం పోవాలని ఉండేదట. ఒక పొద్దున ఆ మాట మీదే ఇద్దరికీ గొడవైంది. "పోతే పో, మరి రాకు," అని ఈమె అంది. అతను గంజి తాగకుండా పనికి పోయాడు. సాయంత్రం తూటాలు పేలాయి. ఒక పక్క రాయి ఎప్పటికన్నా ఎక్కువే జారింది. దుమ్ము మెట్టంతా కప్పేసింది. ఆ తరవాత కింది నుంచి దెబ్బలు వరసగా వచ్చాయి. ఆఖరున, కొంచెం ఆలస్యంగా, ఒక పెద్ద, ఒక చిన్న. లెక్క సరిపోయింది. గంట కొట్టారు. పైడమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది.

అప్పన్న ఇంటికి రాలేదు.

మర్నాడు మేస్త్రి దగ్గరకు పోతే అతను విసుక్కున్నాడట. "దెబ్బ నువ్వూ ఇన్నావు, నానూ ఇన్నాను. మనిషి బతికే ఉన్నాడు. నువ్వే పొమ్మన్నావంట గదే, ఎల్లిపోయుంటాడు."

ఆమె విన్నమాట నిజం. పొమ్మన్నమాట కూడా నిజం. ఇంకేం అంటుంది? కొన్నాళ్లకు క్వారీ మూసేశారు. ఆమె విశాఖపట్నం వచ్చి, మొదట రంగం ఓడలొచ్చే చోట, తరవాత చేపలొచ్చే చోట పని చూసుకుంది. రంగం నుంచి తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ అడిగింది. చూశానన్నవాడు ఒక్కడూ లేడు.

"ఆడు సచ్చిపోనా ఇంత బాధ నేదు బాబూ," అంది. "నా కూడు తినకుండా, నాకు సెప్పకుండా ఎల్లిపోనాడు. ఆడు నిజింగా నన్ను ఒగ్గీసి పోనాడా? అది తెల్సుకుంటే సాలు. నీకు కాగితాల్లో దొరుకుద్దేటి?"

వెతుకుతానన్నాను. నిజంగానే వెతికాను. నా టాపిక్కు కన్నా శ్రద్ధగా వెతికాను. అప్పన్న అన్న పేరు మా జిల్లాలో వీధికి నలుగురికి ఉంటుంది. రంగం పోయిన అప్పన్నలు ఒక ఓడ నిండా ఉంటారు. ఏ కాగితమూ ఏమీ చెప్పలేదు.

ఇక మెట్ట చూడ్డమే మిగిలింది. తోడుకు నా స్నేహితుడు సత్తిబాబును రమ్మన్నాను. జియాలజీ చదివాడు. ఉక్కు ఫ్యాక్టరీకి అప్పటికి ఎప్పుడో శంకుస్థాపన అయింది. ఆ రాయి పక్కన రెండో రాయి పడితే తనకు ఉద్యోగమొస్తుందని కనిపెట్టుకుని ఉన్నాడు. రాళ్ల మీద ఆధారపడినవాళ్లం కాబట్టి మాకు జత కుదిరింది. పలక చూసి పెదవి విరిచాడు.

"ఇది అసలు పలకరాయే కాదు బావా. పొరలుగా విడిపోయే మామూలు రాయి. పలకరాయి వేషం కట్టింది."

"మనం పరిశోధకుల వేషం కట్టలేదా," అన్నాను.

వెళ్లేరోజు పొద్దున పైడమ్మ గంప ఎత్తుకోలేదు. ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. "నానూ వొత్తాను. ఒక్కదాన్నీ ఎల్లలేక ఇన్నాళ్లూ ఎల్లలేదు," అంది. వద్దనడానికి నాకు కారణమేదీ తోచలేదు.

పాసింజరు రైల్లో ఎలమంచిలి, అక్కణ్ణుంచి జట్కా, ఆ పైన నడక. వర్షం వచ్చేలా ఉండి రాలేదు. ఎండ లేదు, గాలి లేదు, చెమట మాత్రం ఉంది. జీడితోటలు దాటాక మెట్ట కనిపించింది. దాన్ని చూడ్డానికి అంత దూరం వచ్చామంటే ఎవరూ నమ్మరు. సగం కొరికి వదిలేసిన బెల్లం అచ్చులా ఉంది. అరుగుల మీద తుప్పలు మొలిచాయి. అడుగున గుంటలో పచ్చటి నీళ్లు. పై అరుగు ఉండాల్సిన చోట జారిన రాళ్ల పెద్ద కుప్ప. మేకలు కాసేవాడు కూడా ఒక్కడు కనపడలేదు.

సత్తిబాబు తన సుత్తితో క్వారీ రాతిగోడ మీద ఒకటి కొట్టి, చెక్క రాలగొట్టి, చూసి పారేశాడు. దెబ్బ ఎదుటి గోడకు తగిలి వెంటనే తిరిగొచ్చింది. పైడమ్మ ఉలిక్కిపడింది.

"కుళ్లిన రాయి," అన్నాడు వాడు.

"రాయిని తిట్టకు నాయినా. ఇది శానామందికి కూడెట్టింది," అందామె. తరవాత నా కేసి తిరిగి, "ఓపాలి వరసగా కొట్టు బాబూ. ఎవులి సోటు ఎక్కడో నాను సెప్తాను," అంది.

పరిశోధనకు పనికొస్తుందని ఒప్పుకున్నాను. సుత్తి తీసుకుని కింది అరుగు నుంచి మొదలుపెట్టాను. ఆమె నీటిగుంట పక్కన రాతి మీద కూర్చుని వేలు చూపిస్తూ పేర్లు చెప్పింది. ఇక్కడ ఎర్రయ్య. ఇక్కడ సింవాద్రి, దగ్గుతా కొట్టీవోడు. ఇక్కడ కొత్తగా వచ్చిన గుంటడు, పేరు మర్సిపోనాను, పాపం. ఒక్కో చోట ఒక్కో దెబ్బ కొట్టుకుంటూ ఎక్కాను. ప్రతి దెబ్బకూ ఎదుటి గోడ నుంచి ప్రతిధ్వని వెంటనే వచ్చింది, మొద్దుగా, పొట్టిగా. అందులో వింతేమీ లేదు. సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చింది. నలభై ఏళ్ల కిందట దీని మీద రోజంతా పని చేసినవాళ్ల గురించి ఆలోచించకుండా ఉండటానికి ప్రయత్నించాను.

ఆఖరి అరుగు దగ్గర దారి లేదు. కుప్ప అడ్డం. దాని మీదికి ఎక్కాలని చూస్తే రాళ్లు జారుతున్నాయి. చాలనుకుని మెల్లగా కిందికి దిగొచ్చాను. దిగడానికి ఎక్కినంత సేపూ పట్టింది. పైడమ్మ పక్కన కూర్చుని సుత్తి ఒళ్లో పెట్టుకున్నాను. ఈ వివరాలన్నీ ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

సుత్తి నా ఒళ్లో ఉంది. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. సత్తిబాబు మా ఎదురుగా నిలబడి సిగరెట్టు అంటించుకుంటున్నాడు. ఒక చేతిలో అగ్గిపెట్టె, ఒక చేతిలో వెలిగిన పుల్ల. పైడమ్మ చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. నేను కొట్టిన ఆఖరి దెబ్బ అప్పటికి ఎప్పుడో చల్లారిపోయింది.

"ఇంకోటి రావాల," అంది పైడమ్మ, మాతో కాదు.

వచ్చింది.

పైన కుప్ప ఉన్న వైపు నుంచి. ఎదుటి గోడ నుంచి కాదు. బయట రాతి మీద కొట్టినట్టు కూడా కాదు, లోపల ఎక్కడో, ఏదో కప్పేసి ఉన్న చోటు నుంచి. బరువుగా ఒక దెబ్బ. ఆ వెంటనే, సుత్తి తనంతట తాను ఎగిరి తగిలినట్టు, చిన్నగా ఇంకొకటి.

అంతే. ఇంకేమీ జరగలేదు. ఒక్క రాయి కూడా దొర్లలేదు. సత్తిబాబు చేతిలో పుల్ల వేళ్ల దాకా కాలింది. కాలాక కూడా వాడు కాసేపు పట్టుకునే ఉన్నాడు.

పైడమ్మ లేచి నిలబడింది. అంత గట్టి గొంతు ఆమెకుందని నాకు అప్పటిదాకా తెలియదు. వీధుల్లో చేపలమ్మే గొంతు కాదది.

"ఒరే అప్పన్నా!" అంది. "రంగం ఎల్లలేదేట్రా నువ్వు!"

నలభై ఏళ్లుగా నోట పలకని పేరు. గోడ ఆమె మాటల్ని ఆమెకే తిప్పి పంపింది. అది ప్రతిధ్వనే, నాకు తెలుసు. ఆ తరవాత ఇంకో దెబ్బ రాలేదు.

ఆమె మళ్లీ కూర్చుంది. చాలాసేపు కుప్ప కేసి చూసింది. కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవడానికి ఏమీ లేదు.

"దెబ్బ ఇన్నాను బాబూ ఆ వేళ," అంది చివరికి. "ఆడు కొట్టీసినాడు, బాగున్నాడు అనీసి నాను అన్నం ఒండీసినాను."

ఆమె ఏం చెబుతోందో నాకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఆ సాయంత్రం ఆఖరి దెబ్బ నిజంగానే వచ్చింది. కొంచెం ఆలస్యంగా వచ్చింది. దుమ్ములో ఎవరికీ ఏమీ కనపడలేదు. రాళ్ల కింద ఉన్న మనిషి, చెయ్యి ఆడినంత మేర, పద్ధతి ప్రకారం తన దెబ్బ తను కొట్టాడు. వచ్చి తియ్యమని కొట్టాడో, అలవాటు కొద్దీ కొట్టాడో తెలియదు. లెక్క సరిపోయింది కాబట్టి గంట కొట్టి అందరూ ఇళ్లకు పోయారు. లెక్క సరిపోయింది కాబట్టే ఆ కుప్పను ఎవరూ తవ్వి చూడలేదు. ఒక్క దెబ్బ తగ్గి ఉంటే తెల్లవార్లూ తవ్వేవాళ్లు.

ఇదంతా నేను ఊహించుకున్నదే కావచ్చు. ఆమె మాత్రం ఊహించుకుంటున్నట్టు లేదు.

"పోదాం రండి," అంది. "రైలెల్లిపోద్ది."

తిరుగు రైల్లో పైడమ్మ కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. గాఢంగా, నోరు తెరిచి, గురక పెట్టి. ఆమె అలా నిద్రపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. సత్తిబాబు గొంతు తగ్గించి శాస్త్రం మొదలుపెట్టాడు. ఎండకు కాగి చల్లారేటప్పుడు రాళ్లు చిట్లుతాయి అన్నాడు. ఎండ లేదు కదా అన్నాను. నేను ఎక్కినప్పుడు కుప్ప కదిలి లోపల సర్దుకుంది అన్నాడు. నేను దిగి కూర్చుని చాలాసేపైంది కదా అన్నాను.

"నీకేం కావాలి బావా, దెయ్యమే కావాలా?" అన్నాడు విసుగ్గా.

"నాకేమీ వద్దురా, నాకు నిద్రొస్తోంది," అన్నాను. నిజంగా అంత అలసటగా ఉంది. సర్దుకునే రాళ్లు అప్పన్నలాగే ఎందుకు సర్దుకోవాలని మాత్రం అడగలేదు.

మర్నాడు నేను లేచేసరికి పైడమ్మ హార్బరుకు పోలేదు. తలంటు పోసుకుని అన్నం వండింది. ఆకులో ముద్ద పెట్టి, నిచ్చెన వేసుకుని, పెంకుల మీద పెట్టింది. చచ్చిపోయినవాళ్లకు పెడతారే, అలా. నలభై ఏళ్లుగా అతను బతికే ఉన్నాడు కాబట్టి ఒక్కసారి కూడా పెట్టలేదు. నుదుట బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నేను చూడ్డం గమనించి, "మరి తియ్యాల కదా బాబూ," అంది, మామూలు గొంతుతో.

కాకులు వచ్చాయి. మా వీధిలో కాకులకు చేపల వాసన అలవాటు, ఉత్త అన్నం ముట్టుకోవు. ఆ రోజు ముట్టుకున్నాయి. దీన్ని నేను సాక్ష్యం కింద చెప్పడం లేదు, ఆకలేసి ఉండొచ్చు.

పలక ఆమె దగ్గరే ఉంచుకుంది. నేను తిరిగి అడగలేదు. థీసిస్‌లో పలకలమెట్ట మీద ఒక అధ్యాయం రాశాను. దెబ్బలు లెక్కపెట్టే పద్ధతి గురించి రాస్తే గైడు గారు మెచ్చుకుని, "ఆధారం?" అన్నారు. "ఒక చేపలమ్మే ఆవిడ సార్," అన్నాను. పేజీ పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టారు. అధ్యాయం చివర "ఈ క్వారీలో జరిగిన ప్రమాదాల గురించి సమాచారం లభించలేదు" అని రాశాను. అబద్ధం కాదు. లభించినదాన్ని సమాచారం అనొచ్చో లేదో నాకు తెలియలేదు.

ఎనభైల్లో ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకున్నాయి. సత్తిబాబుకు మొత్తానికి ఉద్యోగం వచ్చింది. చుట్టుపక్కల మెట్టలన్నీ కంకర కింద మారిపోతున్న రోజుల్లో ఒకసారి నేను పని మీద ఎలమంచిలి పోయి, అటు నడిచాను. పలకలమెట్ట ఉన్న చోట క్రషర్ ఆడుతోంది. కుప్ప లేదు, అరుగులు లేవు. అక్కడ పని చేస్తున్నవాళ్లను, ఆ పైన జారిన రాళ్లు తీసేటప్పుడు కింద ఏమైనా దొరికిందా అని అడిగాను.

"దొరికాయి సార్," అన్నాడొకడు. "రాళ్లు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జోకు మంచిదే.

సత్తిబాబు ఎప్పుడు కలిసినా ఆ ఊసు ఎత్తడు. ఒక్కసారి మాత్రం, వాళ్లమ్మాయి పెళ్లిలో, భోజనాల మధ్యలో నా పక్కకు వంగి, "బావా, ఆ రెండోది చిన్నగా వచ్చింది కదా?" అన్నాడు. అవునన్నాను. వాడు తలూపి మళ్లీ వడ్డన చూడ్డానికి పోయాడు. నాకు తెలిసి ఈ విషయంలో జరిగిన శాస్త్రీయ చర్చ అంతే.

పైడమ్మను కూడా ఒకసారి అడిగాను, ఆ గది ఖాళీ చేసి వచ్చే రోజున. "మామ్మా, ఆ దెబ్బ ఎలా వచ్చిందంటావు?"

ఆమె గంప తలకెత్తుకోబోతోంది. నా ప్రశ్నలో ఏముందో అర్థం కానట్టు చూసింది.

"ఆడి వరసొచ్చింది, ఆడు కొట్టినాడు," అంది. "నువ్వు కిందనించి పిలుసుకుంటా ఎల్తే ఆడు ఊరుకుంటాడేటి?"

గంప ఎత్తుకుని వెళ్లిపోయింది. నాకున్న చదువుతో ఇన్నేళ్లుగా ఇంకో వివరణ కోసం చూస్తున్నాను. దొరికితే ఆనందంగా ఒప్పుకుంటాను. ఇంతవరకు దొరకలేదు.